కొండ, పటం, తోడు

ఒక్కో రాష్ట్రంలో ఎత్తైన కొండని వెతుక్కుని, గైడు లేకుండానే ఎక్కేవాళ్ళున్నారు. మహారాష్ట్రలో 1,646 మీటర్ల కల్సూబాయి అలాంటిదే. శిఖరాన అమ్మవారి గుడి ఉంది. అయితే వాళ్ళు నిజంగా ఒంటరివాళ్ళేనా? కాదండీ, చేతిలో పటం ఉంటుంది.

ఆ పటం ఊరికే రాలేదు. మన జవహర్‌నగర్‌కి దగ్గర్లో, ఉప్పల్‌లో ఉన్న సర్వే శిక్షణ సంస్థ ఆ విద్య నేర్పేదే. 1802లో మద్రాసులో లాంబ్టన్ దొర మొదలెట్టిన కొలత హైదరాబాదుకూ వచ్చింది. 1818లో జార్జి ఎవరెస్టు ఆయనకి సహాయకుడయ్యాడు. కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో ఆయన బలగమంతా జ్వరాల పాలైంది. 1865లో శిఖరానికి దొర పేరు పెట్టారు. గొలుసులు మోసిన ఖలాసీల పేర్లు మనలో ఎవరికి తెలుసు?

నిజామాబాదు జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ, 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది. భువనగిరి గుట్ట మీద శిక్షణ పొంది, షెర్పాల తోడుతోనే ఎక్కింది.

కాబట్టి మీ అమ్మాయి కొండెక్కుతానంటే వద్దనకండి. ముందు పటం చదవడం నేర్పించండి. దారిలో ఊరివాళ్ళని అడగడం నామోషీ కాదనీ చెప్పండి.