బిల్ రస్సెల్ బ్లాకులు ఎన్ని? ఫాంటసీ బాస్కెట్‌బాల్ ర్యాంకింగ్ వెనకున్న కథ

అక్టోబర్ వచ్చిందంటే ఎన్‌బీఏ చూసేవాళ్ల ఫోన్లలో ఒకటే హడావుడి. ఫాంటసీ డ్రాఫ్ట్! ఫస్ట్ ఎవరిని తీసుకోవాలి, ఎవరి కోసం పదో రౌండ్ దాకా ఆగొచ్చు, మంచి టాప్ 150 లిస్ట్ ఎక్కడ దొరుకుతుంది అని. ఈ ఎపిసోడ్‌లో నేను ఆ లిస్ట్ ఇవ్వడం లేదు. అసలు ఆ లిస్ట్ ఎలా పుట్టిందో చెప్తాను. అది తెలిస్తే లిస్ట్ మీరే రాసుకోగలరు. దాంతోపాటు ఇంకో సంగతి కూడా అర్థమవుతుంది. పదకొండు టైటిళ్లు గెలిచిన మనిషి ఈ లిస్టుల్లో ఎందుకు కిందకి జారిపోతాడో.

కొత్తవాళ్ల కోసం ముందు ఆట ఏమిటో రెండు ముక్కల్లో. పది, పన్నెండు మంది ఫ్రెండ్స్ ఒక లీగ్ పెట్టుకుంటారు. వంతులవారీగా నిజమైన ఎన్‌బీఏ ఆటగాళ్లని ఎంచుకుంటారు. మొదటి రౌండ్‌లో ఆఖరున ఎంచుకున్నవాడు రెండో రౌండ్‌లో ముందు ఎంచుకుంటాడు. పాములా మెలికలు తిరుగుతుంది కాబట్టి దాన్ని స్నేక్ డ్రాఫ్ట్ అంటారు. పన్నెండు మంది, మనిషికి పదమూడు మంది ఆటగాళ్లు అనుకుంటే మొత్తం 156 మంది. టాప్ 150 లిస్టులు అన్నేసి ఉండటానికి కారణం అదే. సీజన్ మొదలయ్యాక ఆ ఆటగాళ్లు నిజం మ్యాచ్‌లో ఏం చేస్తే అది మీ ఖాతాలో పడుతుంది.

ఒక్క మాట. నేను చెప్పేది ఫ్రెండ్స్ మధ్య సరదాగా, ఉచితంగా ఆడుకునే లీగుల గురించి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్ మీద తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం ఉంది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చి దేశమంతా ఆపేసింది. కాబట్టి ఆ వైపు వెళ్లొద్దు.

సరే, అసలు కథలోకి వద్దాం. ఫాంటసీ బాస్కెట్‌బాల్‌లో బాగా పేరున్న వాటిలో ఒకటి తొమ్మిది కాలమ్‌ల పద్ధతి. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్, బ్లాకులు, త్రీ పాయింటర్లు, ఫీల్డ్ గోల్ శాతం, ఫ్రీ త్రో శాతం, టర్నోవర్లు. చివరిది మాత్రం ఎంత తక్కువుంటే అంత మంచిది. ఈ తొమ్మిదీ బాస్కెట్‌బాల్‌తోపాటే పుట్టాయని మనం అనుకుంటాం. కాదు. ఒక్కో కాలమ్‌కి ఒక్కో పుట్టినరోజు ఉంది.

1946 నవంబర్ 1న టొరంటోలో ఇప్పటి ఎన్‌బీఏకి మూలమైన లీగ్ మొదటి మ్యాచ్ జరిగింది. న్యూయార్క్ నిక్స్ 68, టొరంటో హస్కీస్ 66. ఆ సీజన్‌లో లెక్కపెట్టినవి పాయింట్లు, అసిస్టులు, షాట్లు ఎన్ని వేశారు, ఎన్ని పడ్డాయి, ఫౌల్స్. అంటే మన తొమ్మిదిలో నాలుగే. ఆ ఏడాది పాయింట్లలో నంబర్ వన్ జో ఫుల్క్స్, మ్యాచ్‌కి 23.2. అయితే అతను వేసిన ప్రతి 100 షాట్లలో పడినవి దాదాపు 30 మాత్రమే! ఇవాళ అలాంటి ఆటగాణ్ణి తీసుకుంటే మీ ఫీల్డ్ గోల్ శాతం గంగలో కలిసినట్టే.

రీబౌండ్లు లెక్కపెట్టడం 1950-51లో మొదలైంది. ఇప్పటికి ఐదు కాలమ్‌లు. ఆ తర్వాత ఇరవై మూడేళ్లపాటు కొత్త కాలమ్ ఒక్కటీ రాలేదు. మన కథంతా ఆ ఇరవై మూడేళ్లలోనే ఉంది.

1961-62 సీజన్‌కి వెళ్దాం. మీరు ఆ రోజుల్లో డ్రాఫ్ట్ చేస్తున్నారనుకోండి. మీ ముందు ముగ్గురున్నారు. ఒకరు విల్ట్ చాంబర్లిన్. మ్యాచ్‌కి 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు. తప్పు చదవలేదు, సగటు యాభై! ఆ మార్చి 2న హెర్షీ అనే ఊళ్లో ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడు. చేతిలో 100 అని రాసిన కాగితం పట్టుకున్న ఫోటో మీరూ చూసే ఉంటారు. ఆ అంకె రాసిచ్చింది హార్వీ పొలాక్. ఆయన 1946 నుంచి 2015లో చనిపోయేదాకా లీగ్‌తోనే ఉండి, అంకెలు లెక్కపెట్టడమే జీవితంగా బతికిన మనిషి.

రెండోవాడు ఆస్కార్ రాబర్ట్‌సన్. 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు. సీజన్ మొత్తానికి సగటు ట్రిపుల్ డబుల్. ఆ పని ఇంకొకరు చెయ్యడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. చేసింది రసెల్ వెస్ట్‌బ్రూక్.

మూడోవాడు బిల్ రస్సెల్. 18.9 పాయింట్లు, 23.6 రీబౌండ్లు, 4.5 అసిస్టులు. ఈ ముగ్గురినీ పక్కపక్కన పెడితే రస్సెల్‌ని ఎవరు ముందు తీసుకుంటారు? ఎవరూ తీసుకోరు. పైగా కెరీర్ మొత్తం చూస్తే అతని ఫ్రీ త్రో శాతం 56. ఫాంటసీ భాషలో చెప్పాలంటే తలనొప్పి.

మరి ఆ ఏడాది మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ ఎవరో తెలుసా? బిల్ రస్సెల్. 50 సగటు ఉన్నవాడికీ ఇవ్వలేదు, ట్రిపుల్ డబుల్ సగటు ఉన్నవాడికీ ఇవ్వలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ రోజుల్లో ఎంవీపీకి ఓటు వేసేది ఆటగాళ్లే. అదే ఏడాది ఆల్ ఎన్‌బీఏ జట్టుని మాత్రం విలేకరులు, వ్యాఖ్యాతలు ఎంచుకున్నారు. వాళ్లు ఫస్ట్ టీమ్‌లో సెంటర్‌గా చాంబర్లిన్‌ని పెట్టి, రస్సెల్‌ని సెకండ్ టీమ్‌లోకి నెట్టారు. ఒకే సీజన్, ఒకే మనిషి. కోర్టులో అతని ఎదురుగా నిలబడి షాట్ వెయ్యబోయినవాళ్లు లీగ్ మొత్తంలో అతనే ఫస్ట్ అన్నారు. కోర్టు బయట కూర్చుని రాసుకున్నవాళ్లు అతని పొజిషన్‌లోనే సెకండ్ అన్నారు.

ఎందుకీ తేడా? రస్సెల్ పనిలో పెద్ద భాగానికి అప్పట్లో కాలమే లేదు. అతను ఎదుటివాళ్ల షాట్లని గాల్లోనే ఆపేసేవాడు. ఆపడంలో కూడా అతని పద్ధతి వేరు. బంతిని ప్రేక్షకుల్లోకి బాదేస్తే చప్పట్లు పడతాయి గానీ బంతి మళ్లీ ఎదుటి జట్టుదే కదా. అతను బంతిని మెత్తగా తట్టి తన జట్టువాళ్ల చేతుల్లో పడేలా చేసేవాడు. అక్కడి నుంచి వాళ్లు పరుగు అందుకునేవారు. కొన్ని షాట్లనయితే తాకక్కర్లేదు. రస్సెల్ దగ్గరలో ఉన్నాడంటే చాలు, ఎదుటివాడు వెయ్యకుండానే వెనక్కి తగ్గేవాడు. దాన్ని ఏ కాలమ్‌లో రాస్తారు?

ఆ సీజన్ ఎలా ముగిసిందో కూడా వినండి. చాంబర్లిన్ జట్టుని రస్సెల్ జట్టు బోస్టన్ ఏడో మ్యాచ్‌లో రెండే రెండు పాయింట్ల తేడాతో ఓడించింది. తర్వాత ఫైనల్స్‌లో లేకర్స్ మీద కూడా ఏడో మ్యాచ్ దాకా వెళ్లి, ఓవర్‌టైమ్‌లో గెలిచింది. ఆ ఆఖరి మ్యాచ్‌లో రస్సెల్ 30 పాయింట్లు, 40 రీబౌండ్లు. మొత్తం పదమూడు సీజన్లు ఆడితే పదకొండు టైటిళ్లు.

రస్సెల్ 1969లో రిటైర్ అయ్యాడు. చాంబర్లిన్ ఆఖరి సీజన్ 1972-73. ఎన్‌బీఏ బ్లాకులు, స్టీల్స్ అధికారికంగా లెక్కపెట్టడం ఎప్పుడు మొదలుపెట్టిందో ఊహించండి. 1973-74! ఇద్దరూ తలుపు దాటి వెళ్లాక దీపం పెట్టినట్టయింది. చాంబర్లిన్ స్థానం కోసం లేకర్స్ తెచ్చుకున్న ఎల్మోర్ స్మిత్, లెక్క మొదలైన మొదటి నెలలోనే, 1973 అక్టోబర్ 28న, ఒక మ్యాచ్‌లో 17 బ్లాకులు చేశాడు. ఒక్క మ్యాచ్‌లో ఎక్కువ బ్లాకుల రికార్డు ఇప్పటికీ అతని పేరు మీదే ఉంది. రస్సెల్ పేరు మీద ఉన్న అధికారిక బ్లాకులు? ఒక్కటి కూడా లేదు. సున్నా కూడా కాదు, ఆ గడి ఖాళీ. సున్నాకీ ఖాళీకీ తేడా ఉంది. కానీ లిస్ట్ తయారుచేసే యాప్‌కి ఆ తేడా పట్టదు.

మిగతా పుట్టినరోజులు త్వరగా చెప్పేస్తాను. టర్నోవర్లు 1977-78లో వచ్చాయి. త్రీ పాయింట్ లైన్ 1979-80లో వచ్చింది. 1979 అక్టోబర్ 12న బోస్టన్ ఆటగాడు క్రిస్ ఫోర్డ్ మొదటి త్రీ వేసినవాడిగా పేరు తెచ్చుకున్నాడు. అంతటితో తొమ్మిది కాలమ్‌లూ నిండాయి.

విచిత్రం చూడండి. సరిగ్గా అదే చలికాలంలో డేనియల్ ఓక్రెంట్ అనే అమెరికన్ రచయిత బేస్‌బాల్ మీద ఒక ఆట కనిపెట్టాడు. నిజం ఆటగాళ్లని వేలంలో కొనుక్కుని, వాళ్ల అంకెలతో పోటీ పడటం. ఫ్రెండ్స్‌తో కలిసి 1980లో మొదలుపెట్టాడు. వాళ్లు కలుసుకునే న్యూయార్క్ రెస్టారెంట్ పేరు మీద దానికి రోటిసరీ లీగ్ అని పేరొచ్చింది. ఇవాళ్టి కేటగిరీ లీగులు దాని వారసులే. అంతకంటే ముందు కూడా ఇలాంటివి లేకపోలేదు. ఓక్లాండ్‌లో బిల్ వింకెన్‌బాక్, అతని మిత్రులు 1960ల మొదట్లోనే అమెరికన్ ఫుట్‌బాల్‌కి ఒక లీగ్ పెట్టుకున్నారు. కానీ కాలమ్‌లవారీగా పోటీ పడే పద్ధతి జనంలోకి వెళ్లింది రోటిసరీతోనే.

కాలమ్ అంటూ ఒకటి పుట్టాక ఆటగాడు కూడా దానివైపు చూడటం మొదలుపెడతాడు. 2003 మార్చి 16న క్లీవ్‌లాండ్ ఆటగాడు రికీ డేవిస్‌కి ట్రిపుల్ డబుల్‌కి ఒక్క రీబౌండ్ తక్కువైంది. మ్యాచ్ ఎలాగూ గెలిచేశారు, టైమ్ అయిపోతోంది. ఏం చేశాడో తెలుసా? తన జట్టు బుట్టలోకే షాట్ వేసి, కావాలని పడకుండా చేసి, ఆ బంతిని తనే పట్టుకున్నాడు! యూటా ఆటగాడికి ఒళ్లు మండి ఫౌల్ చేశాడు. ఆ రీబౌండ్ లెక్కలోకి రాలేదు, సొంత జట్టే అతనికి జరిమానా వేసింది. నవ్వొస్తుంది గానీ, అంకె కోసం ఆడటం, ఆట కోసం ఆడటం వేరని ఇంతకంటే బాగా చెప్పే సీన్ దొరకదు.

దీనికి పూర్తి వ్యతిరేకం షేన్ బాటియర్. పాయింట్లు తక్కువ, రీబౌండ్లు తక్కువ, ఏ కాలమ్ చూసినా మామూలే. ఫాంటసీలో ఎవరూ కన్నెత్తి చూడని మనిషి. కానీ అతను కోర్టులో ఉంటే జట్టు బాగుపడేది, ఎదుటి జట్టు స్టార్ తడబడేవాడు. 2009లో మైకేల్ లూయిస్ అతని మీద రాసిన పెద్ద వ్యాసం ఈ సంగతి ప్రపంచానికి చెప్పింది. తర్వాత మయామీతో అతను రెండు టైటిళ్లు గెలిచాడు.

మరి ఈ చరిత్రంతా మీ డ్రాఫ్ట్‌కి ఎలా పనికొస్తుంది?

మొదటిది, ఆటగాళ్ల కన్నా ముందు మీ లీగ్ ఏం లెక్కపెడుతుందో చూడండి. పాయింట్స్ లీగ్‌కీ తొమ్మిది కాలమ్‌ల లీగ్‌కీ లిస్ట్ ఒకటి కాదు. ఎవరో పెట్టిన టాప్ 150ని అలాగే దింపుకుంటే, ఎంసెట్ ర్యాంకు పట్టుకుని నీట్ కౌన్సెలింగ్‌కి వెళ్లినట్టే.

రెండోది, అరుదైన కాలమ్‌కి విలువ ఎక్కువ. పాయింట్లు చెయ్యగలిగేవాళ్లు ప్రతి జట్టులో దొరుకుతారు. మ్యాచ్‌కి మూడు బ్లాకులు చేసేవాళ్లు లీగ్ మొత్తం వెతికినా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2023-24లో కొత్తగా వచ్చిన విక్టర్ వెంబన్యామా మ్యాచ్‌కి 3.6 బ్లాకులు చేశాడు. తొమ్మిది కాలమ్‌ల లిస్టుల్లో అతన్ని పైకి మోసుకెళ్లే వాటిలో పెద్దది ఆ బ్లాకులే. రస్సెల్‌కి దక్కని కాలమ్ ఇవాళ ఇంకొకణ్ణి మొదటి రౌండ్‌లో కూర్చోబెడుతోంది.

మూడోది, కోర్టులో లేనివాడికి ఏ కాలమూ నిండదు. అదే వెంబన్యామా భుజంలో రక్తం గడ్డకట్టడంతో 2025 ఫిబ్రవరి నుంచి ఆ సీజన్ మళ్లీ ఆడలేదు. కాబట్టి సగటుతోపాటు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో కూడా చూడండి.

నాలుగోది డ్రాఫ్ట్‌కి కాదు, డ్రాఫ్ట్ అయ్యాక. మీ లిస్టులో 140వ స్థానంలో ఉన్నవాడు చేతకానివాడని అనుకోవద్దు. అతను చేసే పనికి ఇంకా కాలమ్ పుట్టలేదేమో. నికోలా యోకిచ్‌ని 2014 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో 41వ స్థానంలో తీసుకుంటుంటే టీవీలో ఏదో తినుబండారాల యాడ్ నడుస్తోంది. తర్వాత అతను ఎంవీపీ అయ్యాడు, 2023లో డెన్వర్‌కి టైటిల్ తెచ్చాడు.

లిస్ట్ రాసుకోండి, గెలవండి. కానీ పొద్దున్నే లేచి మ్యాచ్ పెట్టినప్పుడు ఒక్క క్వార్టర్ బంతిని వదిలేసి చూడండి. బంతి చేతిలో లేని మనిషి ఎక్కడ నిలబడ్డాడు, ఎవరి దారి మూశాడు, ఎవరు అతన్ని చూసి షాట్ మానుకున్నారు. 1962లో రస్సెల్‌కి ఓటేసిన ఆటగాళ్లు చూసింది అదే.

మీ లీగ్‌లో మీరు ఫస్ట్ ఎవరిని తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో రాయండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.