రాక్షసిబల్లి, బట్టమేక, నిప్పుకోడి: చూడని జంతువుకు తెలుగు పేరు

డైనోసార్ల కులమంతటికీ తెలుగు వాడుకలో స్థిరపడిన పేరు ఒక్కటే, రాక్షసిబల్లి. ఆంగ్ల శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1842లో భయంకరమైన అనే అర్థమున్న గ్రీకు మాటను, బల్లి అనే అర్థమున్న మరో గ్రీకు మాటను జోడించి 'డైనోసారియా' అనే పేరు కట్టాడు. తెలుగు మాట దానికి దాదాపు పదానికి పదం. దీని మీద వినవచ్చే ఆక్షేపణలు రెండు. డైనోసార్లు బల్లులు కావు. పైగా బల్లి గోడ మీద పాకే వేలెడు ప్రాణి, దాని పేరు అంతటి జంతువుకు హాస్యాస్పదం. మొదటి ఆక్షేపణ శాస్త్రానికి సంబంధించినది, అది ఓవెన్ పేరుకూ వర్తిస్తుంది. రెండోది భాషకు సంబంధించినది, అందుకే ఇక్కడ పరిశీలించదగినది. జానపద ధోరణిలో కాల్పనిక ప్రపంచాన్ని నిర్మించే తెలుగు రచయితకు అందులోని మహాసరీసృపాన్ని ఏమని పిలవాలన్న ప్రశ్న తప్పదు. 'డైనోసార్' అన్న మరుక్షణం ఆ ప్రపంచం చెదిరిపోతుంది. కోటలూ మాంత్రికులూ ఉన్న దేశంలో ఓవెన్ లేడు కదా.

చిన్న ప్రాణి పేరు పెద్ద ప్రాణికి చేరడం కొత్త కాదు. నైలు నది మొసలికి ఆ గ్రీకు పేరు ఎలా వచ్చిందో క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే హెరొడోటస్ చెప్పాడు. అయోనియా గ్రీకులు తమ ఊళ్లలో రాతి గోడల మధ్య తిరిగే బల్లులను పిలిచే పేరుతోనే ఈజిప్టులో కనిపించిన ఆ జంతువునూ పిలిచారట. అమెరికా మొసలికి ఇంగ్లీషు వారు వాడే 'అలిగేటర్' కూడా స్పానిష్‌లో బల్లి అనే మాట నుంచి వచ్చిందే. కొత్త జంతువును చూసిన మనిషి ఇంట్లో ఉన్న చుట్టాన్ని వెతుక్కుంటాడు. ఆ చుట్టరికం తరచు తప్పే. అయినా పేరు నమ్మదగినదిగా వినిపించేది ఆ తప్పు వల్లనే. శాస్త్రజ్ఞానం లేని నోటి నుంచి సరైన వర్గీకరణ వెలువడితేనే అనుమానించాలి.

తెలుగు పేర్లలో దీనికి సాక్ష్యం సమృద్ధిగా ఉంది. బట్టమేక పక్షి మేక కాదు. నిప్పుకోడి కోడి కాదు. ముళ్లపంది పంది కాదు, నీటిగుర్రం గుర్రం కాదు. వడ్రంగిపిట్టకు పేరు తెచ్చింది రంగూ కాదు, రూపూ కాదు, అది చేసే పని. దుమ్ములగొండి పేరులో ఉన్న దుమ్ము అంటే ఎముక. ఆ మృగం ఏమి కొరుకుతుందో పేరే చెబుతుంది. రక్తపింజర అన్న మాటలో కాటు తరువాతి స్థితి ముందే వినిపిస్తుంది. వీటిలో చాలావాటి నిర్మాణం ఒకటే: కంటికి కనబడినదో మనసును భయపెట్టినదో ముందు వస్తుంది, తెలిసిన జంతువు వెనుక నిలుస్తుంది.

ఇక 'రాక్షసి' అన్న విశేషణం. ఇది బల్లి కోసం కొత్తగా తెచ్చుకున్నది కాదు. నేల నుంచి తవ్వి తీసే బొగ్గును తెలుగువారు రాక్షసిబొగ్గు అన్నారు. బృహత్ శిలాయుగపు సమాధులను, మనుషులు ఎత్తలేరనిపించే ఆ బండల కట్టడాలను, తెలంగాణ పల్లెలు రాకాసి గుళ్లు అన్నాయి. ఈ మాటల్లో 'రాక్షసి' స్త్రీని గానీ క్రూరత్వాన్ని గానీ సూచించదు. మనిషి కొలతకు, మనిషి జ్ఞాపకానికి అందనిదని మాత్రమే చెబుతుంది. ఓవెన్ తన గ్రీకు మాటకు ఉద్దేశించిన భయగాంభీర్యం ఇదే. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలలో ఒకదాని పేరు 'రాకాసిలోయ'. పిల్లలకు ఆ శీర్షికను ఎవరూ వివరించవలసిన పని లేకపోయింది. 'మకరదేవత', 'భల్లూక మాంత్రికుడు' అన్న ఆయన శీర్షికల్లోనూ అదే పద్ధతి: ఎరిగిన మృగం, దాని పక్కన ఎరుగని శక్తి.

రాక్షసిబొగ్గు, రాక్షసిబల్లి రెండూ ఒకే లోయలో దొరకడం విశేషం. ప్రాణహిత–గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరల కంటే తరువాతి కాలపు రాళ్లలో డైనోసార్ల ఎముకలున్నాయి. ఈ రాళ్ల కుటుంబానికి గోండుల నేల పేరిటే గోండ్వానా అని పేరు. అక్కడి జంతువులకు శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లు చూడదగినవి. 1975లో ప్రకటించిన బరాపాసారస్ టాగోరై పేరులో బెంగాలీ ఉంది. బరా అంటే పెద్ద, పా అంటే కాలు. దాని వెనుక రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు నిలిచింది. పరిశోధకులు కలకత్తాలోని భారత గణాంక సంస్థకు చెందినవారు కనుక ఇది సహజమే. 1988లో పి. యాదగిరి పేరు పెట్టిన కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్‌లో కోట, యామన్‌పల్లి అనే రెండు ఊళ్లున్నాయి. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబడి ఉంది. 2007 నాటి లాంప్లూసారా ధర్మారమెన్సిస్‌లో ధర్మారం, 2011 నాటి జక్లపల్లిసారస్‌లో జక్లపల్లి ఉన్నాయి. మలేరి ఊరి పేరు మోసే ఆల్వాకేరియా కథ మరీ తమాషా. 1987లో దానికి వాకేరియా అని పేరు పెట్టారు. ఆ పేరు అప్పటికే ఒక చిన్న సముద్రజీవికి ఉందని తేలడంతో 1994లో మార్చవలసి వచ్చింది. పల్లెల్లోనైతే ఒకే పేరు రెండు ప్రాణులకు ఉన్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

తెలుగు ఊళ్లు ఇలా లాటిన్ ప్రత్యయాలు తొడుక్కుని ప్రపంచ గ్రంథాలకు ఎక్కాయి. ఆ ఊళ్ల భాషలో మాత్రం ఆ జంతువులకు విడివిడి పేర్లు పుట్టలేదు. 'పెద్దకాలు' అన్న పేరు బెంగాలీలో కుదిరినప్పుడు తెలుగులో కుదరకపోవడానికి వ్యాకరణపరమైన అడ్డంకి ఏదీ లేదు. అడ్డు వచ్చింది అలవాటు. శాస్త్రపదమంటే సంస్కృతమో, లేదా ఇంగ్లీషు యథాతథమో కావాలన్న అలవాటు అది.

ఈ సమస్యకు కోదాడ ప్రాంతంతో ఒక సంబంధం ఉంది. కోదాడ, హుజూర్‌నగర్ పరిసరాల సున్నపురాయి డైనోసార్ల కంటే కోట్ల ఏళ్లు పాతది; అందులో వాటి ఎముకల కోసం వెతకడం వృథా. అయితే కోదాడ పక్కనే ఉన్న మునగాల సంస్థానానికి దివానుగా పనిచేసినవాడు కొమర్రాజు లక్ష్మణరావు. శాస్త్రాన్ని తెలుగులో చెప్పాలన్న పట్టుదలతో 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పడంలో ముందున్నవాడు ఆయనే. ఆయన చేపట్టిన విజ్ఞానసర్వస్వం తొలి సంపుటాలు అకారంతో మొదలయ్యే మాటలతోనే నిండిపోయాయి. 1923లో ఆయన మరణంతో ఆ పని నిలిచిపోయింది. రకారం దాకా వచ్చి ఉంటే రాక్షసిబల్లికి ఏ ఆరోపం ఉండేదో ఊహించుకోవలసిందే.

పండితుడి పట్టిక కాల్పనిక రచనకు ఎలాగూ సరిపోదు. అక్కడ పేరు పెట్టేవాడు గొర్రెలకాపరి, వేటగాడు, చేను కాపలావాడు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే గొల్లగట్టు జాతరకు వచ్చే కాపరుల వంటివారిని ఊహించుకుంటే చాలు. పశువుల మధ్య బతికేవాడికి ఆవు అన్న ఒక్క మాటతో పని జరగదు. కర్రావు, బొల్లావు అని రంగును బట్టి, కొమ్మును బట్టి వేరు చేస్తాడు. రాక్షసిబల్లుల మంద ఎదురుగా మేస్తూ ఉంటే వాటన్నిటినీ రాక్షసిబల్లులే అని ఊరుకోడు. పొడుగు మెడ దానిని తాటిమెడ అంటాడు. తాటిచెట్టు ఎరిగిన నేలలో వేరే ఉపమానం అక్కరలేదు. వీపున పలకలు లేచినది రంపపువీపు. కాలిగోరు వంపు తిరిగి చీల్చేది కొడవలిగోరు. ఒళ్లంతా గట్టి పెంకు ఉన్నది బండ ఉడుము. వీటిని 'దీర్ఘగ్రీవం', 'వక్రనఖి' అని సంస్కృతీకరిస్తే అర్థం మారదు గానీ పలికే మనిషి మారిపోతాడు. ఆస్థాన పండితుడి పాత్ర నోట అవి ఒప్పుతాయి. కాపరి నోట ఒప్పవు. ఒకే జంతువుకు ఆ ఇద్దరూ చెరొక పేరు వాడితే కథలోని సమాజానికి లోతు వస్తుంది. ఏరు దాటితే మూడో పేరు ఉన్నా వింత లేదు.

అన్నిటికంటే భయంకరమైన మాంసాహారికి మాత్రం ఈ సూత్రం పనిచేయదు. తెలుగు పల్లె రాత్రివేళ పామును పాము అనదు, పురుగు అంటుంది. పాము కరిచినా పురుగు ముట్టిందనే చెబుతుంది. మశూచిని వ్యాధి పేరుతో పిలవక అమ్మవారు అంది. భయం ఎక్కువైన చోట పేరు చిన్నదవుతుంది, లేదా పూజ్యమవుతుంది. కాబట్టి కోరలు, గోళ్లు, రక్తం కలిపి అల్లిన గంభీర సమాసం ఆ జంతువును ఎన్నడూ చూడని పట్నవాసి పెట్టినట్టే ఉంటుంది. అడవి అంచు గుడిసెలో దానికి 'పెద్దది' అన్న పేరే చాలు. పొద్దు గూకాక ఆ మాట కూడా ఎవరూ పైకి అనరు.