ఎండ, ఎముక, పన్ను

నెల్లూరు తీరమువారికి ఎండ కొదువ లేదు. మైపాడు మొదలు తూపిలిపాలెము వరకు జాలరులు ప్రొద్దు పొడిచినది మొదలు ఎండలోనే పని చేయుదురు. ఇంత ఎండ గలచోట ఎముకకు లోటేమియని మనకు తోచుట సహజము. కాని ఎముక చరిత్ర అంత సుళువైనది కాదు. ఆ చరిత్రలో నెల్లూరుజిల్లాకు ఒక అధ్యాయమే కలదు.

1937లో షార్ట్, మాక్రాబర్ట్, బార్నార్డ్, నాయర్ అను వైద్యులు నాటి నెల్లూరుజిల్లా పల్లెలలోని ఒక వింత జబ్బును వర్ణించి ప్రకటించిరి. ఆనాటి జిల్లా నేటికంటె పెద్దది. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు 1970లో ప్రకాశంజిల్లా ఏర్పడువరకు అందులోనివే. ఆ జబ్బు గల పల్లెలలో పిల్లల పండ్లపై గారమచ్చలు ఏర్పడెడివి. పెద్దలైన పిమ్మట కొందరికి వెన్ను కొయ్యబారి, నడుము వంగక, మెడ తిరుగక యుండెడిది. ఎక్స్‌రే పటములలో వారి ఎముకలు మామూలుకంటె దట్టముగా కనబడినవి. కారణము త్రాగెడు బావినీటిలోని ఫ్లోరైడు. దట్టమైన ఎముక యెల్ల మంచి ఎముక కాదని ఆ పటములు తెలిపినవి. 1940లో పండిట్ ప్రభృతులు మరియొక సంగతి గమనించిరి: తిండిలోటు తోడైనచోట ఈ జబ్బు మరింత క్రూరముగా నుండును.

తిండికిని ఎముకకును గల సంబంధమును ఐరోపావారు వేరొక త్రోవను కనుగొనిరి. అచట ఎండ తక్కువ. పిల్లల కాళ్ళు దొడ్డివంకర పోయెడి రికెట్స్ వ్యాధి ఎక్కువ. 1919లో మెల్లన్బీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కుక్కపిల్లలకు కాడ్ చేపనూనె పోసి ఆ వ్యాధిని నివారించెను. ఆ యేడే బెర్లినులో హుల్డ్‌షిన్‌స్కీ దీపకాంతితో దానిని కుదిర్చెను. నూనెలోని గుణమునకు 1922లో మెక్కాలమ్ 'విటమిన్ డి' యని పేరిడెను. చర్మముపై ఎండ సోకినపుడు అదియే మన దేహమున పుట్టును. కాలేయమున, మూత్రపిండములలో మార్పుచెంది, ప్రేవులు సున్నపుధాతువును, అనగా కాల్షియమును, గ్రహించునట్లు చేయును.

ఇక మన సీమకు వత్తము. నెల్లూరికి పొరుగున గల తిరుపతి వైద్యులు 2007లో ప్రకటించిన పరిశోధనలో, ఆరోగ్యవంతులుగా కనబడు పల్లెవారిలోను పట్నవాసులలోను విటమిన్ డి లోపము విస్తారముగా కనబడినది. పల్లెవారికంటె పట్నవాసులకు లోటెక్కువ. ఇరువురి తిండిలోను కాల్షియము స్వల్పము. దానిని అంటకుండ చేయు ఫైటేట్ అధికము. ఇంటినీడను గడుపువారికి ఊరి ఎండ అక్కరకు రాదు.

ఈ లోటు నేడు పంటివైద్యమునకును సంబంధించినది. స్వీడన్ దేశీయుడు బ్రోనెమార్క్, ఎముకతో టైటానియము లోహము విడదీయరానంతగా అతుకుకొనుటను 1950వ దశకమున కుందేళ్ళలో గమనించి, 1965లో తొలిసారి ఒక మనుష్యుని దవడలో లోహపు పంటివేళ్ళు నాటెను. వీనినే ఇంప్లాంట్లందురు. కట్టుడు పంటిని నిలుపునది మర మాత్రమే కాదు. దానిచుట్టు క్రొత్తగా పెరుగు ఎముక. విటమిన్ డి లేని ఎలుకలలో ఈ అతుకు బలహీనముగా నుండుట 2009లో వెల్లడియైనది. మనుష్యుల విషయము ఇంకను తేలలేదు. ఇటలీలో 885 మందిని పరిశీలించి 2018లో ప్రకటించిన వ్యాసమున, లోటు తీవ్రముగా గలవారి ఇంప్లాంట్లు ఎక్కువగా విఫలమైనట్లు కనబడినను, ఆ భేదము గణితశాస్త్రరీత్యా నిర్ధారణకు చాలలేదు.

కావున పన్ను నాటించుకొనగోరు పెద్దలు రక్తపరీక్ష సంగతి వైద్యుని అడుగుట మంచిది. లోటున్నచో ఆయన చెప్పిన మోతాదునే పుచ్చుకొనవలెను. మితిమీరిన విటమిన్ డి రక్తమున కాల్షియమును పెంచి మూత్రపిండములకు చేటు తెచ్చును. రాగిసంకటి, పాలు, ముల్లుతో తినదగిన చిన్నచేపలు మన సీమలో దొరకెడివే. బావినీరు త్రాగువారు అందు ఫ్లోరైడు ఎంతయో పరీక్ష చేయించుకొనుట మరువరాదు. దవడలోని ఎముక గూడ ఆ నీటితో, ఆ తిండితో పెరిగినదే గదా!