పల్లంలో ఉన్నవాళ్ల చరిత్ర

అట్లాంటా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు, కోకాకోలా, పెద్ద ఎయిర్‌పోర్టు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మేం తిప్పి చూపించేవీ అవే. కానీ ఈ ఊరు ఎలా పెరిగింది, ఎవరిని ముంచి పెరిగింది, ఆఖరికి దారిలోకి ఎలా వచ్చింది అన్నది తెలియాలంటే మాత్రం వాగుల వెంట నడవాలి. పీచ్‌ట్రీ క్రీక్, నాన్సీ క్రీక్, ప్రాక్టర్ క్రీక్, ఇంట్రెంచ్‌మెంట్ క్రీక్. ఇలాంటి వాగుల ఒడ్డున అక్కడక్కడా మోకాలెత్తునో నడుమెత్తునో లేచిన గుండ్రటి సిమెంటు దిమ్మెలు, వాటి మీద ఇనప మూతలు కనిపిస్తాయి. అవి మ్యాన్‌హోళ్లు. వరద వస్తే వాగునీరు లోపలికి దూరకుండా అలా ఎత్తు లేపి కట్టారు. వాటి కింద, వాగుతో పాటే, ఊరి మురుగు పారుతుంటుంది.

మురుగు లైను వాగు పక్కనే ఎందుకు వేస్తారు? నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. మురుగూ అంతే. మోటార్లతో ఎత్తిపోయాలంటే కరెంటు, మనుషులు, మరమ్మతులు కావాలి. వాలు ఉంటే వాటి అవసరం తక్కువ. ఒక ప్రాంతంలోని ఇళ్లన్నిటికీ వాగే పల్లం కాబట్టి, వీధుల్లోని చిన్న గొట్టాలన్నీ కలిసే పెద్ద ట్రంక్ లైను వాగు వెంట వేస్తారు. ఖర్చు కలిసొచ్చే పద్ధతే. అయితే ఆ గొట్టం పగిలినా, పొంగినా మురుగు చేరేది కూడా ఆ వాగులోకే.

అట్లాంటాకు దీంతో పాటు ఇంకో చిక్కు ఉంది. రాజమండ్రికి గోదావరి, విజయవాడకు కృష్ణ ఉన్నట్టు ఈ ఊరి నడుమ పెద్ద నది లేదు. 1837లో ఒక రైలు మార్గానికి చివరి హద్దుగా గుర్తు పాతిన చోట ఈ ఊరు పుట్టింది. అందుకే దీని తొలిపేరు టెర్మినస్. రైళ్లకు ఎత్తుపల్లాలు తక్కువగా ఉండాలి కాబట్టి పట్టాలు గట్టు మీదుగా వేశారు, ఊరూ ఆ గట్టు మీదే పెరిగింది. నీళ్లను రెండు సముద్రాలకు పంచే మెరక అది. ఒక వైపు పడిన వాన చట్టహూచీ నదిలో కలిసి గల్ఫ్ ఆఫ్ మెక్సికోకు పోతుంది. ఇంకో వైపు పడినది సౌత్ రివర్, ఒక్మల్గీ, అల్టమహా నదుల మీదుగా అట్లాంటిక్‌కు చేరుతుంది. అంటే వాగులు ఊళ్లోనే పుడతాయి. పుట్టే చోట వాటిలో నీరు సన్నగా ఉంటుంది. లక్షల మంది మురుగును కలుపుకుని పలచన చేసే సత్తువ వాటికి లేదు.

అయినా ఊరు తన మురుగును ఆ వాగులకే అప్పజెప్పింది. 19వ శతాబ్దం చివర్లో ఎన్నో అమెరికన్ నగరాల్లాగే అట్లాంటా కూడా వాన నీటికీ, మురుగుకీ కలిపి ఒకటే గొట్టం వేసింది. నడి ఊళ్లోని వాగుల మొదళ్లను గొట్టాల్లోకి మళ్లించి పైన మట్టి కప్పి వీధులు వేసింది. ఎండ కాసిన రోజు ఆ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది. గట్టి వాన పడితే గొట్టం చాలదు, వాన నీరు, మురుగు కలిసి దిగువన వాగులోకి దూకుతాయి. ఇలాంటి ఉమ్మడి గొట్టాలున్న ఊళ్లు అమెరికాలో ఇప్పటికీ 700 దాకా ఉన్నాయి.

దిగువన ఎవరున్నారు? బానిసత్వం పోయాక పని వెతుక్కుంటూ వచ్చిన నల్లజాతి కుటుంబాల్లో చాలామందికి దొరికింది వాగు పల్లాల్లోని చవక నేల. మెరక మీద తెల్లవాళ్ల బంగళాలు, పల్లంలో నల్లవాళ్ల గుడిసెలు. ఆ కాలంలో ఊరికి ఇటుకలు అందించిన చట్టహూచీ బ్రిక్ కంపెనీ మాజీ మేయర్ జేమ్స్ ఇంగ్లీష్‌ది. అందులో పనిచేసింది ప్రభుత్వం అద్దెకిచ్చిన ఖైదీలు. వాళ్లలో దాదాపు అందరూ నల్లవాళ్లే, చిన్న చిన్న నేరాల పేరుతో పట్టుకొచ్చినవాళ్లు. 1908లో జార్జియా రాష్ట్రం ఆ పద్ధతిని రద్దు చేసింది. ఆ బట్టీల స్థలాన్ని నగరం 2022లో కొని, స్మారకం కోసం కాపాడుతోంది. ఎవరి చెమటతో ఊరు లేచిందో, ఊరి మురుగు వాళ్ల గుమ్మాల్లోకే వచ్చింది. ఈ దేశ చరిత్రలో నన్ను ఎక్కువగా కలచివేసిన సంగతి ఇది.

భూమిలో వేసిన గొట్టం కలకాలం ఉండదు. పాత మట్టి గొట్టాలు పొట్టి ముక్కలు. ఆ ముక్కల అతుకుల్లోంచి చెట్ల వేళ్లు దూరి లోపల జుట్టులా పెరుగుతాయి. వేళ్లకు గుడ్డపీలికలు, వంట కొవ్వు చుట్టుకుని దారి మూసుకుపోతుంది. కాంక్రీటు గొట్టాలది ఇంకో జబ్బు. నిలవ మురుగులోంచి కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. గొట్టం పైకప్పు లోపలి తడిలో బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. కాంక్రీటు పైనుంచి పొరలు పొరలుగా కరిగిపోతుంది. కింద మురుగు మామూలుగా పారుతూనే ఉంటుంది, పైన రోడ్డు మామూలుగానే ఉంటుంది. ఒక రోజు కప్పు కూలుతుంది.

అట్లాంటాలో ఆ రోజు 1993 జూన్‌లో వచ్చింది. కుండపోత వానకు మిడ్‌టౌన్‌లో భూమి కింది పాత ట్రంక్ లైను కూలి, ఒక హోటల్ పార్కింగ్ స్థలం ఉన్నపళంగా కుంగిపోయింది. ఇద్దరు చనిపోయారు. చట్టహూచీ సంగతి అంతకుముందు నుంచే తెలిసినదే. అట్లాంటా కింద నది మురికితో పారుతోందని దిగువ ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు.

మొత్తుకోవడానికీ కోర్టుకెక్కడానికీ నడుమ దూరాన్ని తగ్గించిన చట్టం ఒకటి ఈ దేశంలో ఉంది. అది 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్. అంతకుముందు 1969లో ఒహాయో రాష్ట్రంలో కాయహోగా నది మీద తేలే నూనె, చెత్త అంటుకుని మండాయి. దేశం ఉలిక్కిపడింది. ఖర్చు ఎక్కువని ప్రెసిడెంట్ నిక్సన్ ఈ చట్టాన్ని వీటో చేస్తే, కాంగ్రెస్ రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆ వీటోను తోసిపుచ్చింది. అందులోని ఒక నిబంధన ప్రకారం, నీటిని పాడుచేసేవాళ్ల మీద ప్రభుత్వం కదలకపోతే, నష్టపోయిన పౌరుడే 60 రోజుల నోటీసు ఇచ్చి ఫెడరల్ కోర్టుకు వెళ్లొచ్చు. పాడుచేసేది నగర ప్రభుత్వమైనా సరే.

1995లో అప్పర్ చట్టహూచీ రివర్‌కీపర్ అనే చిన్న సంస్థ అదే పని చేసింది. 1997లో జడ్జి థామస్ థ్రాష్ నగరం చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చారు. 1998, 1999లలో నగరం కోర్టు ముందు ఒప్పందాలపై సంతకాలు చేసింది. ఇలాంటి ఒప్పందాన్ని ఇక్కడ కన్సెంట్ డిక్రీ అంటారు. 25 లక్షల డాలర్ల జరిమానా కట్టాలి, వాగుల ఒడ్డు భూములు కొని కాపాడటానికి రెండున్నర కోట్ల డాలర్లు పెట్టాలి, 1500 మైళ్లకు పైబడిన గొట్టాలను పరీక్షించి బాగుచేయాలి, అదీ కోర్టు చెప్పిన గడువుల్లోగా. ఎన్నికల్లో మేయర్లు మారినా డిక్రీ మారదు.

అయితే ఆలస్యానికి మూల్యం ఉంటుంది. 1972 చట్టం మొదట్లో మురుగు పనుల ఖర్చులో 75 శాతం ఫెడరల్ ప్రభుత్వమే గ్రాంటుగా ఇచ్చింది. 1980లలో ఆ వాటా తగ్గింది. 1987 సవరణతో గ్రాంట్ల స్థానంలో అప్పులొచ్చాయి. అసలు పనికి అట్లాంటా దిగేసరికి ఉచితంగా వచ్చే సొమ్ము దాదాపు ఆగిపోయింది. 2002లో మేయరైన షర్లీ ఫ్రాంక్లిన్ ముందు సుమారు 400 కోట్ల డాలర్ల పని నిలబడింది. అట్లాంటాకు ఆమే తొలి మహిళా మేయర్. కంటికి కనిపించని గొట్టాల కోసం బిల్లులు పెంచుతానని జనానికి ముఖాముఖి చెప్పారు. తనను తాను ‘సివర్ మేయర్’ అని పిలుచుకున్నారు. 2004లో నగరంలో కొనే వస్తువుల మీద డాలరుకు ఒక సెంటు అదనపు పన్నుకు ఓటర్లు భారీగా అవునన్నారు. ఊరికి పనిమీద వచ్చిపోయేవాళ్లూ ఆ సెంటు కడతారు కాబట్టి భారం కొంత పంచుకున్నట్టయింది. ఆ తర్వాత అడిగిన ప్రతిసారీ, 2024లో కూడా, ఓటర్లు ఆ పన్నును కొనసాగించారు. అయినా దేశంలోనే ఎక్కువ నీటి బిల్లు కట్టే ఊళ్లలో అట్లాంటా చేరింది. ఆ బరువు పేదవాళ్లనే ఎక్కువ నొక్కింది. మెరక మీదవాళ్లు దశాబ్దాలుగా ఎగ్గొట్టిన ఖర్చులో పల్లంలోవాళ్లు కూడా వాటా కట్టారు.

పని ఎలా జరిగిందో చెప్పాలి. నాన్సీ క్రీక్ లోయ కింద రాతిని తొలిచి 16 అడుగుల వ్యాసంతో 8 మైళ్లకు పైగా సొరంగం వేశారు. పడమటి ప్రాంతంలో 24 అడుగుల వ్యాసంతో అంతే పొడవున్న సొరంగాలు 2008లో పూర్తయ్యాయి. గట్టి వాన పడినప్పుడు మురుగు వాగులోకి దూకకుండా అక్కడ ఆగి, ఆ తర్వాత శుద్ధికి వెళుతుంది. కొన్ని పేటల్లో ఉమ్మడి గొట్టాన్ని విడదీసి వానకొకటి, మురుక్కొకటి వేశారు.

చిన్న లైన్ల పని ఇంకా ఓపికతో కూడినది. ముందు గొట్టంలోకి తెల్లటి, హాని లేని పొగ పంపుతారు. అది ఇళ్ల కప్పు మీది గొట్టాల్లోంచి వస్తే మంచిదే. పచ్చికలోంచి లేస్తే అక్కడ పగులున్నట్టు. తర్వాత చక్రాల మీద కెమెరా లోపలికి వెళుతుంది. మరీ శిథిలమైతే తవ్వి పెద్ద గొట్టం వేస్తారు. ఆకారం నిలిచి ఉంటే లోపలే కొత్త గొట్టం తయారుచేస్తారు. రెసిన్‌లో నానబెట్టిన మెత్తటి ఫెల్ట్ గుడ్డ తొడుగును నీటి ఒత్తిడితోనో గాలితోనో తిరగేస్తూ మ్యాన్‌హోల్ నుంచి మ్యాన్‌హోల్‌కు పంపిస్తారు. వేడినీళ్లో ఆవిరో పెడితే కొన్ని గంటల్లో అది పాత గొట్టం గోడలకు అతుక్కుని గట్టిపడుతుంది. అప్పుడు ఇళ్ల కనెక్షన్లన్నీ మూసుకుపోయి ఉంటాయి కదా, ఒక చిన్న రోబో లోపలికి వెళ్లి ఒక్కో నోరూ కోసి తెరుస్తుంది. ఈ లోపు మురుగు ఆగదు కాబట్టి దాన్ని పంపులతో పైనుంచి మళ్లిస్తారు. వాగు గట్టున నడకదారి వెంబడి నల్లటి లావు ప్లాస్టిక్ గొట్టాలు, రాత్రీపగలూ మోగే పంపులు, జిగురు లాంటి రెసిన్ వాసన, ఆ రోజు బట్టలు ఉతకొద్దని తలుపులకు తగిలించిన చీటీలు. ఇక్కడి పేటల్లో ఉన్నవాళ్లకు ఇవన్నీ తెలిసినవే.

మనిషి లోపలికి దిగే అవసరం ఇక్కడా అప్పుడప్పుడు వస్తుంది. దిగే ముందు గాలిలో విషవాయువు కొలుస్తారు, ఫ్యాను పెడతారు, నడుముకు పట్టీ వేసి పైన లాగే యంత్రానికి కడతారు, పైన ఒక మనిషి కదలకుండా కాపలా ఉంటాడు. ఇలాంటి ఇరుకు చోట్ల పనికి 1993లో ఫెడరల్ నిబంధనలు వచ్చాయి. మన దేశంలోనూ 2013 చట్టం రక్షణ లేకుండా మనిషిని మురుగు గొట్టంలోకి దింపడాన్ని నిషేధించింది. అయినా మ్యాన్‌హోళ్లలో ఊపిరాడక చనిపోయినవాళ్ల వార్తలు మన పత్రికల్లో చదువుతూనే ఉన్నాను. చనిపోయేది ఎప్పుడూ ఏ కులాలవాళ్లో మనందరికీ తెలుసు. ఆ వార్త చదివిన ప్రతిసారీ, ఒక కెమెరా, ఒక పంపు, ఒక పట్టీ ధర ఆ ప్రాణం కంటే ఎక్కువా అని అడగాలనిపిస్తుంది.

గొట్టం మారిస్తే పల్లం బతుకు మారిపోదు. 2002లో ప్రాక్టర్ క్రీక్ మొదట్లో ఉన్న వైన్ సిటీ పేటలో వాన నీరు, మురుగు కలిసి ఇళ్లలోకి వచ్చాయి. పదుల సంఖ్యలో ఇళ్లు పడగొట్టాల్సి వచ్చింది. ఆ నేల మీద 2021లో కుక్ పార్క్ తెరిచారు. పిల్లలు ఆడుకునే ఆ 16 ఎకరాల్లోని చెరువు, తోటలు వరద వస్తే కోటి గ్యాలన్ల దాకా వాన నీటిని ఆపుకోగలవు. తూర్పు వైపు ఓల్డ్ ఫోర్త్ వార్డ్‌లోనూ సొరంగానికి బదులు చెరువు తవ్వి చుట్టూ పార్కు పెంచారు. మంచి పనులే. కానీ పార్కు వచ్చాక చుట్టుపక్కల అద్దెలు పెరుగుతాయి. తరాలుగా ముంపు భరించినవాళ్లకు బాగుపడిన పేటలో ఉండే తాహతు మిగలాలి. అక్కడ అట్లాంటా ఇంకా బాకీ పడే ఉంది.

బాకీలు ఇంకా ఉన్నాయి. కోర్టు గడువు 2027 దాకా పొడిగించారు. 2024 సెప్టెంబరులో, నగరపు అతిపెద్ద శుద్ధి కేంద్రం సరిగ్గా శుద్ధి చేయని నీటిని నదిలోకి వదులుతోందని రివర్‌కీపర్ సంస్థ మళ్లీ కోర్టుకెక్కింది. అయినా చట్టహూచీ 1990ల నాటికంటే ఎంతో శుభ్రపడింది. జనం అందులో పడవలేస్తున్నారు.

మనవాళ్లు ఎక్కువగా ఉండే ఆల్ఫరెట్టా, కమింగ్, జాన్స్ క్రీక్ వైపు ఇల్లు కొనేటప్పుడు సెప్టిక్ ట్యాంకా, సివర్ కనెక్షనా అని తప్పకుండా అడుగుతాం. మన మురుగు మన ఇంటి నుంచి పోతే చాలనుకుంటాం. అది ఏ వాగు వెంట పోతుంది, దిగువన ఎవరి ఇళ్లున్నాయి అని కూడా అడగాలి. ఇంటి దగ్గరున్నవాళ్లకూ ఇదే నా మాట. కూకట్‌పల్లి నాలా హుస్సేన్‌సాగర్‌లోకి ఏం మోసుకొస్తోందో, 2024లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగింది ఎవరో మీరు కళ్లారా చూశారు. చట్టం మనకూ ఉంది. 1974 నాటి జల కాలుష్య చట్టానికి 1988లో చేసిన సవరణ, అమెరికా చట్టం లాగే, 60 రోజుల నోటీసు ఇచ్చి పౌరుడు కోర్టుకు వెళ్లే దారి తెరిచింది. 2010లో హరిత ట్రిబ్యునల్ వచ్చింది. అట్లాంటాలో గొట్టాలు మారడానికి కారణం ఇక్కడి నాయకులకు ముందుచూపు ఎక్కువ ఉండటం కాదు. కొద్దిమంది చట్టాన్ని చేతిలో పట్టుకుని వెనక్కి తగ్గలేదు. ఒక మేయర్ ఖర్చెంతో దాచకుండా చెప్పారు. జనం ఓటేసి కట్టారు. ఈ మూడూ మన ఊళ్లలోనూ జరగగలవు. మొదటిదానికి ప్రభుత్వం కోసం ఎదురుచూడక్కర్లేదు.