అత్తరు సాయిబు కొడుకూ ఎంబీఏ సీటూ

మా చేతుల్లో వ్యాపారం లేని రోజు లేదు. అత్తరు సీసాలు పెట్టెలో సర్దుకొని ఊరూరా తిరిగాం. దూది ఏకి పరుపులు కుట్టాం. పాత ఇనుము కొన్నాం, బండి మీద పళ్లమ్మాం. ఎవరికి అప్పివ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, రంజాన్ నెలలో సరుకు ఎంత దింపాలి, ఇవన్నీ అమ్మ ఒళ్లో ఉండగానే విన్నాం. తీరా 'బిజినెస్ మేనేజ్‌మెంట్' అనే చదువు గడప దగ్గరికి వచ్చేసరికి మేం ఏమీ తెలియనివాళ్లమైపోయాం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంబీఏ 1957లోనే మొదలైంది. ఆ చదువు ఒకటుందని మా ఇళ్లకు తెలియడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

ఎందుకిలా జరిగిందని అడిగితే నారాయణగూడ దాకా నడవాలి.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. బోధన ఉర్దూలో. తెలుగు ఇంటి పిల్లకు ఆ చదువు పరాయిది. 1928లో మాడపాటి హనుమంతరావు, ఆయన మిత్రులు తెలుగులో చదువు చెప్పే బాలికల బడి పెట్టారు. ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. వాళ్లు ఊరుకోలేదు, పూనాలో కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేసుకున్నారు. నారాయణగూడలో ఆ బడి మాడపాటి పేరు మీదే నిలిచింది. అంతకు ముందే, 1918లో, తర్వాత కొత్వాలైన వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ వెలిసింది. పల్లె నుంచి పట్నం వచ్చిన పిల్లాడికి తిండి, పడక, లైబ్రరీ, తనలాంటి నలుగురు దొరికారు. ఆయన పేరు మీద 1954లో వచ్చిన మహిళా కళాశాల కూడా నారాయణగూడలోనే ఉంది.

ఈ చరిత్ర చదువుతుంటే మాకు రెండు రకాలుగా ఉంటుంది. అప్పుడు మూసుకున్న తలుపు మీద రాసి ఉన్నది ఉర్దూలోనే. అది ఒప్పుకోవాలి. కానీ ఆ తలుపు లోపల మేం ఉన్నామా? జాగీర్దారు కొడుకు ఉన్నాడు, దఫ్తర్ ఉద్యోగి కొడుకు ఉన్నాడు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లాడు లేడు. ఫకీరు కొడుకు లేడు. 'రాజ్యం మనదే' అన్న మాట మాత్రం వాళ్లకూ వినిపించింది. రాజ్యం మనదైనప్పుడు హాస్టలెందుకు? పక్కవాళ్లు పైసా పైసా పోగేసి గదులు కట్టుకుంటుంటే మేం కట్టుకోలేదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య వచ్చింది. తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. మాది కాని రాజ్యం పోతే నష్టం మాత్రం మా ఖాతాలో రాశారు.

తెలంగాణలో మైనారిటీ గురుకులాలు పెద్ద ఎత్తున తెరిచింది 2016లో. 1918కీ 2016కీ మధ్య తొంభై ఎనిమిదేళ్లు. లెక్కలు రావని మమ్మల్ని అంటుంటారు గానీ, ఈ లెక్క మాకు బాగానే వచ్చు.

సీటు సంగతి ఇంకో కథ. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ముస్లిములకు 5 శాతం రిజర్వేషన్ అంది, హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేసింది, అదీ పోయింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా వెనకబడిన ముస్లిం తెగలను బీసీ-ఇ అని చేర్చి 4 శాతం ఇచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఊపిరి పోసింది. మా పిల్లల సీటు కింద ఉన్నది ఆ ఒక్క కాగితమే.

ఆ చట్టంలోని జాబితా ఒకసారి చదవండి. అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, ఎలుగుబంటిని ఆడించేవాళ్లు, ధోబీలు, హజాములు, ఖురేషీలు. సగానికి సగం చేతి పనుల పేర్లు, అమ్మకాల పేర్లు! వ్యాపారం నేర్పే కాలేజీలోకి మమ్మల్ని రానిచ్చింది మా తాతల వ్యాపారాల పేర్లే. ఇందులో నవ్వాల్సిందేదో ఉంది, మాకే నవ్వు రాదు.

ఈ నాలుగు శాతం రాష్ట్రంలోని సీట్లకే. ఐసెట్ రాసి, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడి, ఊరవతల ఏదో కాలేజీలో చేరతాడు మావాడు. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే సర్టిఫికెట్ ఆగిపోతుంది. 2001లో గచ్చిబౌలిలో తెరిచిన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఇదే నగరంలో ఉంది. పాతబస్తీ నుంచి అక్కడికి బస్సు దూరమే, ఆ దూరం వేరే కొలతలో కొలవాలి.

పరీక్షకు తయారవ్వాలంటే అశోక్‌నగర్ రావాలి. కోచింగ్ సెంటర్లు, జిరాక్సు షాపులు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే వరస. ఆ కుర్చీ దగ్గర ఎవరూ పేరడగరు. కరీంనగర్ వాడూ కర్నూలు వాడూ ఒకే బల్ల మీద మోచేతులు ఆనించుకుంటారు. చీకటి పడ్డాకే తేడా తెలుస్తుంది. 'టు లెట్' బోర్డు చూసి తలుపు కొడితే ఇంటామె ముందు బాగానే మాట్లాడుతుంది. "ఏ ఊరు బాబూ? ఏం చదువుతున్నావు?" తర్వాత పేరు. తర్వాత "మేం వెజిటేరియన్లకే ఇస్తాం." మాలో ఒకడు వెజిటేరియనే. ఆ మాట చెప్తే, నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చారంది.

కాలేజీ దాటాక ఉద్యోగపు ఇంటర్వ్యూ ఉంటుంది. మావాడొకణ్ణి తండ్రి ఏం చేస్తాడని అడిగారు. "బిజినెస్" అన్నాడు. ఏ బిజినెస్? "స్క్రాప్." బల్లకవతల చిన్న నవ్వు. ముప్పై ఏళ్లుగా రోజూ మారే ధరకు కొని, రోజూ మారే ధరకు అమ్మి, ఐదుగురు పిల్లల్ని సాకిన మనిషి దగ్గర ఏం నేర్చుకున్నావని వాళ్లు అడగలేదు. అడిగితే గంట చెప్పేవాడు. ఇంగ్లీషులో కాకపోయినా చెప్పేవాడు.

చివరికి గది దొరికింది. నల్గొండ నుంచి వచ్చిన మాదిగ మిత్రుడొకడు చిక్కడపల్లి సందులో తీసుకున్నాడు. అతన్నీ కులం అడిగారట, ఏం చెప్పాడో మేం అడగలేదు. ఇద్దరికని తీసుకున్న గదిలో నలుగురున్నాం. ఐసెట్ దగ్గర పడ్డ రోజుల్లో ఆరుగురం పడుకుంటాం. అద్దె ఇంకా అతని పేరు మీదే కడుతున్నాం.