స్త్రీ, మతం, తత్త్వం: పరిశోధనకు ఒక పీఠిక

మతంలో, తత్త్వంలో, సంస్కృతిలో స్త్రీ స్థానమెట్టిది అన్న విషయాన్ని చేపట్టిన పరిశోధన వ్యాసాలు మన విశ్వవిద్యాలయాలలో విరివిగా వెలువడుతున్నవి. వాటిలో అధిక భాగానికి నడక ఒక్కటే. గార్గీ మైత్రేయులతో ఆరంభం, స్మృతులతో పతనం, సంస్కర్తలతో పునరుద్ధరణ. ఋషి ఇచ్చినాడు, స్మృతికర్త తీసుకొన్నాడు, సంస్కర్త తిరిగి ఇప్పించినాడు. ఈ మూడంకాల నాటకంలో స్త్రీ ఆద్యంతం రంగస్థలం మీదనే ఉన్నది. కాని ఆమె చేసిన పని ఏదీ మనకు కనబడదు. ఇతరులు ఆమెకు చేసినవే కనబడతవి.

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని తాల్‌బగీచాలో నివసించే ఒక తెలుగు విద్యార్థిని ఈ విషయాన్నే పరిశోధనకు ఎన్నుకొని, ఎక్కడ ఆరంభించవలెనని నన్ను అడిగినది. మతం స్త్రీకి ఏ స్థానమిచ్చినది అన్నది ఒక ప్రశ్న. స్త్రీ తనకు లభించిన మతంతో ఏమి చేసినది అన్నది వేరొక ప్రశ్న. మొదటి దానికి శాస్త్రగ్రంథాలు సమాధానం చెప్పగలవు. రెండవ దానికి ఆధారాలు వేరుచోట వెదకవలసి ఉన్నది. తెలుగువారికి ఆ ఆధారాలు కొరవడలేదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట గార్గినే తీసుకొందాము. బృహదారణ్యకోపనిషత్తులో ఆమె యాజ్ఞవల్క్యుని రెండు పర్యాయాలు ప్రశ్నించినది. మొదటి పర్యాయం ప్రశ్న వెంట ప్రశ్న వేస్తూ పోగా, ఇంకను అడిగితే తల తెగిపడుతుందని ఆయన హెచ్చరించినాడు. స్త్రీ కావడం వలననే ఆమె నోరు మూయించినారని దీనికి అర్థం చెప్పేవారున్నారు. కాని ఆ సభలోనే శాకల్యునికీ అట్టి హెచ్చరిక కలిగినది. అతని తల నిజంగానే పడినది. గార్గి ఊరకున్నది, సభ విడిచిపోలేదు. మరల లేచి రెండే ప్రశ్నలు వేసినది. వాటికి సమాధానాలు విన్న పిమ్మట, ఈయనను బ్రహ్మవాదంలో జయించగలవారు మీలో లేరని సభకు తీర్పు చెప్పినది కూడా ఆమెయే. ఎక్కడ ఆగవలెనో, ఎక్కడ తిరిగి లేవవలెనో ఎరిగిన వాది ఆమె. ఆమెను వైదిక యుగపు ఔదార్యానికి సాక్షిగా నిలబెట్టి ఊరకుంటే, ఆమె చేసిన వాదం మరుగున పడిపోతుంది.

తెలుగునాటికి వస్తే, ఆధారాలు రాతి మీదనే ఉన్నవి. క్రీస్తు శకం మూడవ శతాబ్దంలో విజయపురి నుండి పాలించిన ఇక్ష్వాకులలో మొదటివాడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు. అశ్వమేధం చేసిన వైదికాభిమాని. ఆయన సోదరి చాంతిసిరి బౌద్ధ సంఘానికి పెద్ద దాత్రి. చాంతమూలుని కుమారుడైన వీరపురుషదత్తుని ఆరవ రాజ్యసంవత్సరంలో నాగార్జునకొండ మహాచైత్యం ఆమె ప్రాపున సిద్ధమైనది. అన్న యాగాలు, చెల్లెలి చైత్యం ఒకే కుటుంబపు ధనంతో, ఒకే కృష్ణాతీరాన సాగినవి. స్త్రీ భర్త మతాన్నే, పుట్టింటి మతాన్నే అనుసరించినదన్న సామాన్య సూత్రం ఇక్కడ నిలువదు.

చాంతిసిరి రాజవంశ స్త్రీ గదా అని ఆక్షేపింపవచ్చును. ఐతే ఉపాసిక బోధిసిరి గృహపతి వంశంలోనిది. వీరపురుషదత్తుని పదునాల్గవ ఏట చుళ్ళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించి, ఆమె వేయించిన శాసనం మన దేశపు స్త్రీల చరిత్రలో అపురూపమైనది. తన పుట్టినింటివారిని, మెట్టినింటివారిని పేరుపేరున స్మరించి, పిదప తాను చేయించిన పనులను ఒక పద్దువలె ఆమె చెప్పుకొన్నది. సింహళ విహారంలో బోధివృక్షానికి ఆలయం, పూర్వశైలంలో చెరువు, కంటకశైలంలో మహాచైత్యం తూర్పు ద్వారాన శిలామండపం, పుష్పగిరిలో మరొక మండపం, ఇంకను భిక్షువులకు గదులు. కంటకశైలమంటే నేటి ఘంటసాల. ఆ చైత్యగృహం తామ్రపర్ణి ఆచార్యులకు సమర్పింపబడినది. వారు ధర్మాన్ని ప్రసాదించిన దేశాల పట్టికలో కాశ్మీర, గాంధార, చీనములతో పాటు వంగదేశం కూడా ఉన్నది. ఇల్లు దాటని అబల అని మనము ఊహించుకొనే స్త్రీకి భూగోళం ఎంత విశాలమో ఈ ఒక్క శాసనం చెప్పగలదు.

దీని హద్దును కూడా గుర్తింపవలెను. దానం చేయడానికి ధనముండవలెను. ఆ మండపాల రాళ్ళు మోసిన స్త్రీల పేర్లు ఆ రాళ్ళ మీద లేవు. ఐనను శాసనానికి ఒక సుగుణమున్నది. అది స్త్రీని గురించి ఎవరో చెప్పిన మాట కాదు. ఆమె పేర, ఆమె చేసిన పనిని గూర్చి వెలువడిన మాట.

ధనం లేని స్త్రీకి వాక్కే సాధనమైనది. దీనికి తరిగొండ వెంగమాంబ (1730–1817) ఉదాహరణ. బాల్యంలోనే భర్తను కోల్పోయినది. కేశఖండనానికి అంగీకరింపక, శ్రీవేంకటేశ్వరుడే తన భర్త అని నిలిచినది. తరిగొండ విడిచి తిరుమలలో స్థిరపడినది. ఆమె పేరుమీది ముత్యాల హారతి నేటికీ స్వామివారి ఏకాంతసేవలో సాగుతున్నది. ఈ భక్తి కథ అందరెరిగినదే. కాని వెంగమాంబను భక్తురాలిగా మాత్రమే తలచడం ఆమెలోని తాత్త్వికురాలిని మరచిపోవడం. వాసిష్ఠ రామాయణాన్ని ద్విపదలో తెలుగు చేసినదామె. రాజయోగసారానికి ఆమె ఎన్నుకొన్న వస్తువు భాగవతంలోని కపిల దేవహూతి సంవాదం. అక్కడ కుమారుడు గురువు, తల్లి శిష్యురాలు. వినే స్థానంలో ఉన్న స్త్రీ కథను, చెప్పే స్థానంలోకి వచ్చిన స్త్రీ వ్రాసినది. వేదాంతాన్ని పండిత సభల సంస్కృతం నుండి పాడుకోదగిన ద్విపదలోకి దింపడం కూడా ఒక తాత్త్విక నిర్ణయమే. ఎవరు వినవలెనో ఆమె నిశ్చయించుకొన్నది.

ఇట్టి స్త్రీలను వెదకి కూర్చవలెనన్న సంకల్పం తెలుగులో మొదట పూనినది కూడా ఒక స్త్రీయే. భండారు అచ్చమాంబ (1874–1905) బడికి పోయి చదువలేదు. కృష్ణా మండలంలోని పెనుగంచిప్రోలులో పుట్టి, చిన్ననాడే వివాహమై, ఇంజనీరైన భర్త మాధవరావు గారి ఉద్యోగం వెంట మధ్య పరగణాలకు పోయినది. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు తన వద్దనుండి చదువుకొంటున్నప్పుడు ఆయనతో పాటు తానూ చదివినది. తెలుగుతో పాటు హిందీ, మరాఠీ నేర్చినది, వంగభాష అభ్యసించినది. కన్న బిడ్డలు దక్కలేదు. ఆ దుఃఖం నడుమ అబలా సచ్చరిత్ర రత్నమాల రూపొందినది. అది వీరేశలింగం గారి చింతామణి ద్వారా వెలుగు చూచినది. ప్రథమ భాగం 1901లో గ్రంథరూపం పొందినది.

ఆ గ్రంథ ప్రణాళికను మన పరిశోధకులు శ్రద్ధగా చూడవలసి ఉన్నది. ఆమె మూడు భాగాలు తలపెట్టినది. చరిత్రకు అందే భారత స్త్రీలు మొదటి భాగం. వేద, పురాణ, బౌద్ధ కాలాల స్త్రీలు రెండవ భాగం. విదేశ స్త్రీలు మూడవ భాగం. కాలక్రమం ప్రకారం ముందుండవలసిన గార్గీ మైత్రేయులు ఆమె ప్రణాళికలో వెనుకకు పోయినారు. స్త్రీలు సహజంగానే బలహీనులు, బుద్ధిహీనులు అనేవారికి సమాధానం చెప్పడం ఆమె ఉద్దేశాలలో ఒకటి. అట్టి వాదంలో పురాణగాథ కన్న చరిత్ర గట్టి సాక్ష్యమని ఆమె గ్రహించి ఉండవలెనని నా అభిప్రాయం. మూడవ భాగం వ్రాయకముందే, ముప్పది యేండ్ల ప్రాయంలో, బిలాస్‌పూరులో ఆమె మరణించినది. ఓరుగంటి సుందరీరత్నమాంబ గారితో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించినది అంతకు మూడేండ్ల ముందు, 1902లో.

ఆ యేడే ఆమె కథ ధనత్రయోదశి వెలువడినది. తెలుగులో తొలి కథ అదియా, గురజాడ దిద్దుబాటా అన్న చర్చ మనలో చాలకాలంగా నడుస్తున్నది. చర్చ మంచిదే. కాని తొలి కథకురాలి పీఠం కోసం సాగిన వాదంలో చరిత్రకారిణి అచ్చమాంబ వెనుకబడిపోయినది. మన స్త్రీల చరిత్రకు పద్ధతి చూపిన వ్యక్తిగా ఆమె పేరు పరిశోధన వ్యాసాల మొదటి పుటలో ఉండవలసినది, అరుదుగా కనబడుతున్నది.

ఆమె ఈ పని తెలుగునాట కూర్చుండి చేయలేదు. బిలాస్‌పూర్, ఖరగ్‌పూర్ రెండును పూర్వపు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దారిలోని ఊళ్ళు. ఆ రైల్వేయే కార్మికులుగా, గుమాస్తాలుగా వేలకొలది తెలుగువారిని, అందులో ఎక్కువగా ఉత్తరాంధ్రులను, ఖరగ్‌పూరుకు తెచ్చినది. భాషలు కలిసే చోట ఉండటం అచ్చమాంబకు కొరత కాలేదు. అదే ఆమె గ్రంథాలయమైనది. తాల్‌బగీచా విద్యార్థినికి కూడా అంతే. తాల్ అనగా వంగభాషలో తాడి. తాడితోట పేరుగల ఆ పేటలో తెలుగు, వంగం, హిందీ ఒకే వీధిలో వినబడతవి. తెలుగుకు అధికార భాషలలో స్థానమివ్వడానికి పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించినది ఇట్టి ప్రజల మూలముననే.

అక్కడ ఆమె చేతికందే వస్తువులు రెండు. ఒకటి వంగదేశపు ఖనా గాథ. జ్యోతిషంలో మామగారైన వరాహుని మించినందుకు ఆమె నాలుక కోసినారని కథ. ఐనను సాగును, వానను గూర్చిన సామెతలు నేటికీ ఆమె పేరనే వంగ రైతుల నోట ఉన్నవి. బేడాచాంపా వద్ద ఒక దిబ్బ కూడా ఖనా మిహిరుల పేర నిలిచినది. ఖనా చారిత్రక వ్యక్తి అని నిరూపించబూనడం వృథాశ్రమ. విదుషికి ఇట్టి శిక్ష వేసిన కథను అల్లిన సమాజమే, ఆమె మాటను ప్రమాణంగా ఎందుకు నిలుపుకొన్నది అన్నదే పరిశోధింపదగిన ప్రశ్న.

రెండవది ఖరగ్‌పూర్ తెలుగువారి మాతా పూజ. పసుపునీటి ఘటాలు, వేపమండలు పట్టి నడిచే స్త్రీలు ఆ పూజకు ప్రాణం. శాసనం వేయించలేదు, కావ్యం వ్రాయలేదు. కాని సొంత ఊరు విడిచి వచ్చిన కుటుంబాలలో ఏ దేవత నిలిచినది, ఏ మొక్కు మారినది, ఏ పాట మరుగుపడినది అన్నది వారికి తెలుసును. బోధిసిరి శాసనంలో చోటు దొరకని స్త్రీల వారసులు వీరే. వారి మాట వ్రాసుకొనేవారు లేకపోతే, రేపటి పరిశోధకులు మరల గార్గి వద్దనే ఆరంభించి, సంస్కర్తల వద్దనే ముగించవలసి వస్తుంది.

అచ్చమాంబ రత్నమాల నూరేండ్లకు పైగా అసంపూర్ణంగానే ఉన్నది. దానిని పూరించే భారం ఒక విద్యార్థినిది మాత్రమే కాదు. తెలుగులో వ్రాసే మనందరిది.