మొరాయించిన అద్దం

నూజివీడు తోటల్లో చిన్నరసాలు కొనుక్కుని, మా మరిది ముచ్చటపడి కొన్న పాత స్పోర్ట్స్ కారులో వస్తున్నాం. మీట నొక్కితే అద్దం దిగదు! మామిడిపళ్ళ వాసన ఎంత కమ్మనిదైనా, మే నెల ఎండలో, మూసిన కారులో ఊపిరాడదు సుమండీ.

ఈ సోకు 1940లో అమెరికా ప్యాకార్డ్ కారుతో మొదలైంది. అప్పట్లో కరెంటుతో నూనెకు ఒత్తిడి పుట్టించి అద్దాలను కదిలించేవారు. తలుపుకొక చిన్న మోటారు ఆ తర్వాత వచ్చింది. మా నాన్నగారి అంబాసిడర్‌కి పిడి తిప్పడమే. చెయ్యి నొప్పెట్టేది గాని, అద్దం మాట వినేది.

మర్నాడు మెకానిక్ తలుపు లోపలి అట్ట విప్పి చూశాడు. "మోటారు దివ్యంగా ఉందమ్మా. గాడిలో గ్రీజు ఎండిపోయి రబ్బరు బిగుసుకుంది. అద్దం జారకపోతే పాపం అదేం చేస్తుంది?"

మరిది కొత్త మోటారు కోసం రాత్రే చెన్నైకి డబ్బు పంపేశాడు!